రెండో టేకు

మా కోడంబాకంలో రీరికార్డింగ్ అంటే మళ్ళీ రికార్డు చెయ్యడం కాదు. ఎడిటింగ్ అయిపోయిన సినిమాని రీలు తర్వాత రీలు తెర మీద వేసుకుని, బొమ్మ చూస్తూ నేపథ్య సంగీతం వాయించి టేపుకెక్కించడం. పొట్టిగా ఆర్.ఆర్. అనేవాళ్ళం. పేరులో ‘రీ’ ఉన్నా పని మాత్రం మొదటిసారే. 1979లో ఆ పనిలో చేరి, సంక్రాంతికి ఇంటికెళ్ళి నా ఉద్యోగం ఏమిటో చెబితే నాన్నగారు అక్కడే పట్టుకున్నారు. “మొదటిసారి చేసేదానికి ‘మళ్ళీ’ అని పేరేమిట్రా? వినేవాడు ఏమనుకోవాలి?”

ఆయన కోనసీమలో మా ఇంటి అరుగు మీద నలుగురు కుర్రాళ్ళని కూర్చోబెట్టుకుని తర్కసంగ్రహం చెప్పేవారు. దాన్ని రాసిన అన్నంభట్టు తెలుగువాడు కావడం ఆయన దృష్టిలో మా ఇంటి విషయం. ఆ పుస్తకాన్ని సగంలో వదిలి మద్రాసు రైలెక్కినవాణ్ణి నేను. సౌండ్ ఇంజనీరు గారి దగ్గర మూడో అసిస్టెంటుని. టేపులు ఎక్కించాలి, మైకులు సర్దాలి, ఏ బిట్టు ఎన్నో టేకులో ఓకే అయిందో కాగితం మీద రాసి పెట్టాలి. ఈ ఆఖరి పని దగ్గరే నా కథ ఉంది. దానికి ముందు ఒక ఎల్.పి. సంగతి చెప్పాలి.

మద్రాసు సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్ ఉండేది. 1985లో కాలిపోయింది. అంతకుముందు అక్కడ దొరకని పాత సరుకు లేదు. ఒక ఆదివారం ‘టాక్సీ డ్రైవర్’ ఎల్.పి. దొరికింది. ఆ సినిమా చూసినప్పటి నుంచీ అందులోని శాక్సోఫోన్ నా చెవిలో కాపురం పెట్టింది. న్యూయార్కు వీధుల్లో అర్ధరాత్రి, రోడ్డులోంచి లేచే ఆవిరి, అందులోంచి బయటికొచ్చే పసుపుపచ్చ కారు, దానిమీద ఆ శాక్స్. గదికి పరిగెత్తుకెళ్ళి పెట్టాను. రాగం అదే. గొంతు వేరు. మా పక్కింటాయన మా మేనమామలా మాట్లాడుతున్నట్టుంది. అట్ట తిప్పి చూస్తే సంగతి తెలిసింది. సినిమాకి సంగీతం చేసినవాడు బెర్నార్డ్ హెర్మన్. నేను వింటున్నది డేవ్ బ్లూమ్ అనే ఆయన జాజ్ పద్ధతిలో మళ్ళీ కూర్చి వాయింపించినది. సినిమాలో శాక్స్ రానీ లాంగ్‌ది, దీంట్లోది టామ్ స్కాట్‌ది. హెర్మన్ 1975 డిసెంబర్ 23న లాస్ ఏంజెలెస్‌లో ఆ సినిమా రికార్డింగు ముగించుకుని హోటల్ గదికి వెళ్ళి పడుకున్నారు. ఆయనకి మళ్ళీ తెల్లవారలేదు. ఎల్.పి. 1976లో వచ్చింది.

మోసపోయాననుకున్నాను. తర్వాత తెలిసింది, అమెరికాలో అది ఆనవాయితీ అని. సినిమా కోసం వాయించిన టేపు స్టూడియోది. అదే టేపుని రికార్డుగా అమ్మాలంటే వాయించినవాళ్ళందరికీ వాద్యకారుల సంఘం నిబంధన ప్రకారం మళ్ళీ డబ్బు కట్టాలి. అంతకంటే కొద్దిమందిని పిలిచి కొత్తగా వాయింపించుకోవడం చవక. పైగా సినిమాలో బిట్లు ఇరవై సెకండ్లు, నలభై సెకండ్లు. ఇంట్లో కూర్చుని వినేవాడికి మూడు నిమిషాల పాట కావాలి. ‘పీటర్ గన్’ అనే టీవీ డిటెక్టివ్ సీరియల్‌కి హెన్రీ మాన్సీనీ చేసిన సంగీతం అలాగే మళ్ళీ వాయించి ఎల్.పి.గా వేస్తే, 1959లో మొట్టమొదటి గ్రామీల్లో ఏడాది ఆల్బమ్‌గా నిలిచింది. వజ్రాల దొంగ కథ ‘పింక్ పాంథర్’దీ అదే దారి. ఆ మాన్సీనీయే తర్వాత ఆత్మకథలో నొచ్చుకున్నాడు. భయపెట్టే సంగీతమంతా సినిమాల్లోనే ఉండిపోయి, ఇంపైనవి మాత్రం ఎల్.పి.లకెక్కడంతో తనకి తేలిక సంగీతకారుడన్న ముద్ర పడిందని ఆయన బాధ. చేతులారా చేసుకున్నదే మరి.

మా స్నేహితుడొకడు ఓడలో పనిచేసేవాడు. వాడు న్యూయార్కు నుంచి తెచ్చిన ఎల్.పి.లు మూడు కాసెట్టుకెక్కించుకుని మరుసటి సంక్రాంతికి ఇంటికి తీసుకెళ్ళాను. మూడింట్లోనూ ఒకే పాట ఉంది. 1959లో రాబర్ట్ వైజ్ తీసిన ‘ఆడ్స్ అగెన్‌స్ట్ టుమారో’ అనే బ్యాంకు దోపిడీ సినిమాకి జాన్ లూయిస్ చేసిన వాల్ట్జ్, ‘సెంట్రల్ పార్కులో స్కేటింగ్’ అని దానికి పేరు. మొదటిది సినిమా కోసం పెద్ద బృందం వాయించింది. అదే ఏడాది లూయిస్ తన మోడర్న్ జాజ్ క్వార్టెట్‌తో, అంటే నలుగురితో, మళ్ళీ రికార్డు చేశాడు. తక్కిన ముగ్గురూ మొదటిదాంట్లోనూ వాయించినవాళ్ళే. ఆ పెద్ద బృందంలోనే పియానో మీద బిల్ ఎవన్స్, గిటార్ మీద జిమ్ హాల్ ఉన్నారు. వాళ్ళిద్దరూ 1962లో ‘అండర్‌కరెంట్’ అనే ఎల్.పి.లో, పక్కన ఇంకెవరూ లేకుండా, అదే పాట వాయించారు.

నాన్నగారు పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని మూడూ విన్నారు. ఆయనకి జాజ్ అంటే ఏమిటో తెలియదు. త్యాగరాజ కీర్తనని ఒక్కొక్కరు ఒక్కోలా పాడటం తెలుసు. అది చాలు.

“ఒకటే పాటా, మూడు పాటలా?” అన్నాను.

“ఎవర్నడుగుతున్నావు? మీమాంసకుణ్ణా, నన్నా?” అన్నారు. “మీమాంసకుణ్ణడిగితే శబ్దం నిత్యం అంటాడు. నిన్న నువ్వు ‘గ’ అన్నావు, ఇవాళ నేను ‘గ’ అన్నాను. విన్నవాడు ‘ఇది ఆ గకారమే’ అంటాడు గాని, ‘దానిలాంటి ఇంకో గకారం’ అనడు. ఆ గుర్తుపట్టడాన్నే ప్రత్యభిజ్ఞ అంటారు. చీకటి గదిలో కుండ ఎప్పుడూ ఉంది, దీపం పట్టుకెళ్తే కనపడింది. మన గొంతు దీపమే గాని కుమ్మరి కాదు. వాడి లెక్కలో నీ పాట ఎప్పట్నించో ఉంది. ఒకసారి పెద్ద గుంపు దీపం పట్టింది, ఒకసారి నలుగురు, ఒకసారి ఇద్దరు.”

“మరి మీరు?”

“మనం తార్కికులం. శబ్దం పుడుతుంది, పోతుంది. సాయంత్రం వెలిగించిన దీపాన్ని తెల్లవారుజామున చూసి ‘అదే దీపం’ అంటాం. అప్పటి నూనె ఉందా? అప్పటి వత్తి ఉందా? గోళ్ళు తీసుకున్న వారానికి ‘మళ్ళీ అవే గోళ్ళు’ అంటాం. పోలికని చూసి అదే అనుకోవడం లోకం అలవాటు. బౌద్ధుడైతే ఇంకో మెలిక పెడతాడు. మళ్ళీ పుట్టినవాడు వాడేనా, వేరేవాడా అని మిళిందుడు అడిగితే, నాగసేనుడు రాత్రంతా వెలిగిన దీపాన్ని చూపించి, అదే అనీ అనలేదు, వేరే అనీ అనలేదు. నా మట్టుకు నాకు మూడు పాటలు. పోలిక ఒక్కటి.” కాసేపాగి, “కథలో ఈ పాట ఎప్పుడొస్తుంది?” అన్నారు.

అప్పులవాళ్ళ బెదిరింపులు తట్టుకోలేక దోపిడీకి ఒప్పుకున్న సంగీతకారుడు ఒకడు, హారీ బెలఫాంటే వేశాడు. విడిపోయిన భార్య దగ్గరున్న కూతుర్ని సెంట్రల్ పార్కుకి తీసుకెళ్తాడు. తర్వాత బ్యాంకు కొట్టడానికి వెళ్తాడు.

“మొదటిదాంట్లో కాస్త దిగులు ఉంది. మూడోదాంట్లో దోపిడీ వాసనే లేదే!” అన్నారు నాన్నగారు.

నిజం. మూడోసారికి ఆ పాట కథలోంచి దులుపుకుని లేచిపోయింది. ఇద్దరు స్నేహితులు మంచు మీద జారుకుంటూ వెళ్తున్నట్టు ఉంటుంది. పార్కు ఉంది, పాప ఉంది, బ్యాంకు లేదు. నేరం కథతోనే ఉండిపోయింది. రాగానికి అంటలేదు, తామరాకుకి నీళ్ళు అంటనట్టు.

ముగింపు కూడా చెప్పాను. ఆ దోపిడీలో నల్లవాడితో కలిసి పనిచెయ్యలేని తెల్లవాడొకడుంటాడు. చివరికి ఇద్దరూ ఒకర్నొకరు తరుముకుంటూ ఇంధనం ట్యాంకుల మీదికెక్కి కాల్చుకుంటారు. ట్యాంకులు పేలతాయి. మిగిలిన రెండు శవాల్లో ఏది ఎవరిదో వచ్చినవాళ్ళు పోల్చుకోలేరు.

“వీళ్ళు పోల్చుకోలేకపోతేనేం? వెయ్యి ఆవుల మందలో దూడ తల్లిని పోల్చుకోదూ? కర్మ కూడా అంతే” అని నాన్నగారు కండువా దులుపుకుని లేచారు.

ఆ మాట అప్పుడు నాకు కథ గురించిన మాటలాగే వినిపించింది.

1984లో ఒక తెలుగు క్రైమ్ సినిమాకి ఆర్.ఆర్. జరుగుతోంది. తొమ్మిదో రీలు. విలన్ భార్య మేడ మీద నిలబడి, మొగుడి కారు లైట్లు ఎప్పుడు మలుపు తిరుగుతాయా అని చూస్తుంటుంది. మాటల్లేవు. నలభై రెండు సెకండ్లు ఒక్క శాక్సోఫోన్ చాలన్నారు సంగీత దర్శకులు. వాయించే మాస్టారికి అప్పటికే అరవై దాటాయి. సైదాపేట నుంచి బస్సులో వచ్చేవారు. పెట్టె తెరిచి, రీడు నోట్లో పెట్టుకుని తడుపుకుంటూ తెర వంక చూస్తూ కూర్చునేవారు, వక్క చప్పరిస్తున్నట్టు. ఆయనకి ఉబ్బసం. మొదటి టేకులో ఎవరో కుర్చీ జరిపారు. రెండోది ఆలస్యంగా ఎత్తుకున్నారు. మూడో టేకులో, స్వరం ఎత్తుకునే ముందు ఆయన పీల్చుకున్న ఊపిరి మైకులో పడింది. ఆఖరి స్వరానికి దమ్ము చాలలేదు. స్వరం కొంచెం కిందికి వాలింది. వాలినదాన్ని ఆయన మెల్లిగా పైకి తీసుకొచ్చి నిలబెట్టారు. సరిగ్గా అప్పుడే తెర మీద కారు లైట్లు మలుపు తిరిగాయి. హాల్లో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత సంగీత దర్శకులు “ఓకే” అన్నారు.

ఆ ఓకే కాగితం మీద రాయాల్సింది నేను. అప్పుడే కాఫీలొచ్చాయి. గ్లాసు అందుకున్నాను. అంతే.

భోజనాల తర్వాత అదే టేపు మీద తర్వాతి బిట్టు పట్టాం. సాయంత్రం అందరూ వెళ్ళాక టేపు వెనక్కి తిప్పి వింటే, మాస్టారి ఊపిరి వినపడింది, స్వరం ఎత్తుకోవడం వినపడింది, రెండు సెకండ్లకి దాని నెత్తిన పన్నెండు వయొలిన్లు పడ్డాయి. నా కాళ్ళ కింద నేల లేదు. పొద్దున్న ఇంజనీరు గారితో, “మాస్టారి బిట్టులో హమ్ పడింది సార్, వాడటానికి లేదు” అన్నాను. ఆయన ఆ టేపు వినబోతే, “తుడిచేశాను సార్” అన్నాను. ఒక అబద్ధానికి కాపలాగా ఒక నిజం. మాస్టారికి కబురెళ్ళింది. మళ్ళీ సైదాపేట నుంచి బస్సులో వచ్చారు. ఒకే టేకు. ఊపిరి వినపడలేదు. ఆఖరి స్వరం కొబ్బరాకు ఈనెలా నిటారుగా నిలబడింది. “నిన్నటికంటే శుభ్రంగా ఉంది” అన్నారు సంగీత దర్శకులు. సినిమాలో ఉన్నది అదే.

కొన్ని నెలల తర్వాత మద్రాసు అలయన్స్ ఫ్రాన్సేజ్‌లో లూయీ మాల్ సినిమా వేశారు, 1958లో విడుదలైన ‘ఆసాన్సర్ పుర్ లెషఫో’. ఉరికొయ్యకి తీసుకెళ్ళే లిఫ్టు అని చెప్పుకోవచ్చు. ఆర్.ఆర్. వాళ్ళకి ఆ సినిమా ఒక యాత్రాస్థలం. 1957 డిసెంబర్ 4 రాత్రి పారిస్‌లో పోస్ట్ పారిజియెన్ స్టూడియోలో మైల్స్ డేవిస్ ట్రంపెట్ పట్టుకుని తెర ముందు నిలబడ్డాడు. పక్కన బార్నీ విలెన్, రెనే ఉర్ట్రెజే, పియెర్ మిషెలో, కెనీ క్లార్క్. రాసిన స్వరాల్లేవు, తోవ చూపించే నాలుగు గుర్తులు తప్ప. దృశ్యాల ముక్కల్ని చుట్టలు కట్టి తిప్పుతున్నారు, మన డబ్బింగ్‌లో లూపు అంటామే, అదే. జాన్ మొరో రాత్రంతా ప్రియుడి కోసం షాంజెలిజే మీద తిరుగుతుంటుంది. అంగళ్ళ అద్దాల్లోంచి పడే వెలుగే ఆమె మొహానికి దీపం. ఆమెను చూస్తూ ఈయన అప్పటికప్పుడు వాయించాడు. డైరెక్టరుకి అప్పుడు పాతికేళ్ళు.

నన్ను కుర్చీలో పాతేసింది మాత్రం సంగీతం కాదు, తాడు. ఆ ప్రియుడు, అంటే కథానాయకుడు, తాడు పట్టుకుని పై అంతస్తుకెక్కి తన యజమానిని, ఆమె మొగుణ్ణి, చంపుతాడు. అది ఆత్మహత్యలా కనపడేట్టు అన్నీ సర్దుతాడు. కిందికొచ్చి కారెక్కుతూ తలెత్తి చూస్తే, తాడు అక్కడే వేలాడుతోంది. దాన్ని తీసెయ్యడానికి వెనక్కి వెళ్తాడు. అతను లిఫ్టులో ఉండగా కాపలావాడు కరెంటు ఆపేసి ఇంటికి పోతాడు. తెల్లారేదాకా అందులోనే. ఈలోగా ఇంకెవరో అతని కారెత్తుకెళ్ళి ఇద్దర్ని చంపితే, ఆ పాపం కూడా ఇతని పద్దులో పడుతుంది. చివరికి ఒక ఫోటోల రీలు కడిగితే, ఆ హత్యలు ఇతనివి కావని తేలుతుంది. అదే నీళ్ళలో, తనూ యజమాని భార్యా నవ్వుతూ ఉన్న బొమ్మలు తేలి, చేసిన హత్య బయటపడుతుంది.

వెనక్కి వెళ్ళి తాడు తీసేస్తే హత్య జరగనట్టే అనుకున్నాడు. నేనూ రెండో టేకు పట్టిస్తే మొదటిది పోనట్టే అనుకున్నాను. ఆ రాత్రి కోడంబాకం వంతెన మీద నడుస్తూ రైళ్ళు చూస్తూ నిలబడిపోయాను.

మైల్స్ వాయించిన ఆ రాత్రి గురించి ఇంకో సంగతి ఉంది. ఆ ఎల్.పి. అట్ట మీద బోరిస్ వియాన్ రాశాడు, మోటెల్‌లో భోజనం బిట్టులో ట్రంపెట్ అలా వింతగా ఎందుకు పలికిందంటే, మైల్స్ పెదవి మీది చర్మం చిన్న పొర ఊడి ట్రంపెట్ మూతిలో ఇరుక్కుందట. మూతి విప్పి కడిగేస్తే ఆ నాదం పోయినట్టే. తర్వాత కాలంలో సీడీల మీద, అప్పుడు ఎల్.పి. కోసం కలిపిన ప్రతిధ్వని తీసేసి, ఆ రాత్రి టేకులన్నీ వేశారు. ‘షాంజెలిజే మీద రాత్రి’ అన్న బిట్టుకి టేకు ఒకటి కాదు, వరసగా ఉన్నాయి. వినేటప్పుడు నాకు గుబులు పుట్టింది. మనం మూలం అని దణ్ణం పెడుతున్నది కూడా ఆ వరసలోంచి ఎవరో ఏరి ‘ఓకే’ అన్న ఒక టేకేనా? ఎవరో ఒక మూడో అసిస్టెంటు కాగితం మీద సరిగ్గా రాసి పెట్టబట్టి మిగిలిందా?

1986 సంక్రాంతికి అరుగు మీద నాన్నగారితో అంతా చెప్పేశాను. ఈసారి ఆయన మీమాంసకుణ్ణి పిలవలేదు, తార్కికుణ్ణీ పిలవలేదు.

“తెలియక చెరిపావు. తెలిసి అబద్ధమాడావు. ఇవి రెండు. కలిపి ఏడవకు” అన్నారు. “యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరలో ఒక విచారం ఉంది. పాపానికి రెండు శక్తులు. ఒకటి నరకానికి లాగుతుంది. రెండోది పంక్తిలోంచి లేపుతుంది, నలుగురితో కలవనివ్వదు. తెలియక చేసినదాన్ని ప్రాయశ్చిత్తం పూర్తిగా కడుగుతుంది. తెలిసి చేసినదాని దగ్గర మాత్రం, మొదటి శక్తి జోలికి ప్రాయశ్చిత్తం వెళ్ళదు. రెండోదాన్నే విడిపిస్తుంది. మనిషి మళ్ళీ పంక్తిలో కూర్చోడానికి పనికొస్తాడు. అంతవరకే.”

“రెండో టేకు బాగానే వచ్చింది కదా నాన్నగారూ.”

“వచ్చింది. సినిమా ఆడింది. లోకవ్యవహారం నడిచింది. నేనన్నదీ అదే. పోయింది తెచ్చావా? తేలేదు. తెచ్చానని అనుకోకు.” తర్వాత, “ఆ మాస్టారికి చెప్పావా?” అన్నారు.

“లేదు.”

“మరి ఇన్నాళ్ళూ ఎవరి పంక్తిలో కూర్చుంటున్నావురా?”

మళ్ళీ రికార్డు చేసిన ఎల్.పి.ల మీద నా కోపం అక్కడ చల్లారింది. వాటిల్లో తప్పు లేదు. హెర్మన్ పోయాక ఆయన రాగాన్ని ఎవరైనా వాయించుకోవచ్చు, వాయించాలి కూడా. సినిమా చీకట్లో ఉండిపోయే నలభై సెకండ్లని నలుగురి ఇళ్ళలోకి తెచ్చింది ఆ రెండో టేకులే. ‘నేనే ఆ రాత్రిని’ అని చెప్పుకున్నప్పుడే చిక్కు. అట్ట మీద ఎవరు వాయించారో, ఎవరు కూర్చారో రాసి ఉన్నంతవరకు అది పంక్తిలో కూర్చోదగ్గదే. మూర్ మార్కెట్ ఎల్.పి. అట్ట మీద బ్లూమ్ పేరు ఉంది. నా రెండో టేకు అట్ట మీదే ఏమీ రాసి లేదు.

ఆ వేసవిలో సైదాపేట వెళ్ళాను. మాస్టారు లుంగీలో, వసారాలో, మనవడికి లెక్కలు చెబుతున్నారు. సినిమా పేరు చెప్పాను, తొమ్మిదో రీలు చెప్పాను, మేడ మీద ఆమెని చెప్పాను, నా అబద్ధం చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, “గుర్తు లేదు బాబూ. ఆ రోజుల్లో రోజుకి మూడు థియేటర్లు తిరిగేవాణ్ణి” అన్నారు. ఊపిరి సంగతీ, వాలి లేచిన ఆఖరి స్వరం సంగతీ చెప్పాను. తలాడించారు, ఎవరి గురించో వింటున్నట్టు. తర్వాత కొంచెం ముందుకి వంగి, “రెండో రోజు కాల్షీటుకి డబ్బిచ్చారా?” అన్నారు.

“ఇచ్చారండి. వోచరు మీద మీరే సంతకం పెట్టారు.”

“అయితే నీ తప్పు నాకు కలిసొచ్చింది” అని పకపకా నవ్వి, ఆ నవ్వు దగ్గులో పడి, లోపలికి కేకేసి కాఫీ తెప్పించారు. ఈ కాఫీ గ్లాసు పట్టుకోడానికి నా చెయ్యి వణికింది.

తిరిగొస్తుంటే తేలిక పడాల్సిన మనసు ఇంకో బరువెత్తుకుంది. ఆ టేకు టేపు మీద లేదు. వాయించినాయనకి గుర్తు లేదు. లోకంలో దానికి ఉన్న ఒకే ఒక్క ప్రతి నా తలలోది. అదైనా నమ్మకమైన ప్రతేనా?

క్రైమ్ సినిమాలంటే ఎవరికైనా ఏం గుర్తొస్తుంది? వాన, టోపీ, సిగరెట్టు పొగ, శాక్సోఫోన్. 1940ల సినిమాలన్నీ అలాగే మోగేవని మనందరి నమ్మకం. వెళ్ళి వినండి. 1941 ‘మాల్టీస్ ఫాల్కన్’లో అడాల్ఫ్ డ్యూచ్‌ది పెద్ద ఆర్కెస్ట్రా. 1944 ‘డబుల్ ఇండెమ్నిటీ’లో మిక్లోష్ రోజాదీ అంతే, వయొలిన్లు, గంభీరమైన ఇత్తడి వాద్యాలు. అదే ఏడాది ‘లారా’కి డేవిడ్ రాక్సిన్ కట్టిన వరస తర్వాత జాజ్ వాళ్ళ చేతుల్లో పడి వాళ్ళదే అయింది. క్రైమ్ సినిమా నేపథ్యంలోకి జాజ్ గట్టిగా వచ్చింది 1950ల రెండో సగంలో. 1937 నాటి కథ ‘చైనాటౌన్’కి ఊన్ రేసీ ఒంటరి ట్రంపెట్ మోగింది 1974లో. పాత కథలకి తర్వాతివాళ్ళు వాయించిన రెండో టేకులు విని విని, మొదటిదే అలా ఉండేదని లోకం గుర్తుంచుకుంది. సంస్కారం వల్ల మాత్రమే పుట్టే జ్ఞానం స్మృతి అన్నాడు అన్నంభట్టు. అనుభవం లేనిదే సంస్కారం లేదు. లోకానికి ఆ శాక్స్ అనుభవం ఉన్నమాటే, తేదీ మాత్రం తప్పు.

హత్యని చూపించకుండానే హత్య కథ చెప్పిన సినిమా ఒకటుంది, 1959లో ఒటో ప్రెమింజర్ తీసిన ‘అనాటమీ ఆఫ్ ఎ మర్డర్’. డ్యూక్ ఎలింగ్టన్ సంగీతం, బిలీ స్ట్రేహార్న్ చెయ్యి కూడా ఉంది. ఎలింగ్టన్ కాసేపు తెర మీద కనపడి పియానో కూడా వాయిస్తాడు. రెండున్నర గంటలకి పైగా నడిచే సినిమాలో ఎక్కువ భాగం కోర్టు, సాక్షులు. ఒక్కొక్కరూ ఆ రాత్రిని తమ గొంతుతో మళ్ళీ వాయిస్తారు. తీర్పు వస్తుంది. ఏం జరిగిందో మనకి తెలియదు. నేనూ ఆ ఊపిరిని ఎన్నిసార్లు నాలో నేను వేసుకుని విన్నానో! వేసుకున్న ప్రతిసారీ కొంచెం మెరుగు పెట్టి ఉంటాను. కారు లైట్లు సరిగ్గా ఆఖరి స్వరానికే తిరిగాయా, లేక ఇన్నాళ్ళ పశ్చాత్తాపం వాటిని అక్కడికి జరిపిందా?

దసరాకి ఇంటికెళ్ళి నాన్నగారితో చెప్పాను. “మాస్టారికి గుర్తు లేదన్నారు.”

“చెప్పావు గదా. ఆయన గుర్తుతో నీకేం పని?”

“నా గుర్తు మీద కూడా నాకు నమ్మకం పోయింది నాన్నగారూ. ఆ టేకు అంత గొప్పగా ఉందో లేదో, చెరిపేశాను గనక గొప్పదైందో.”

ఆయన నవ్వారు. లోపల్నించి అమ్మ పిలిచింది. నేను గుమ్మం దగ్గర నిలబడిపోతే వెనక్కి తిరిగారు.

“అది రేపు పాఠంలో తేలుద్దాం. విస్తళ్ళు వేశారు. కాళ్ళు కడుక్కుని రా, నా పక్కన కూర్చో.”